షిప్పు వెనక బాల్కనీ: ఏ రూట్‌లో, ఏ అంతస్తులో, ఎవరికి

క్రూజ్ బుక్ చేద్దామని కూర్చుని బాల్కనీ గది అని నొక్కితే ఒకే షిప్పులో, ఒకే తేదీకి నాలుగైదు రకాల బాల్కనీలు వేరువేరు రేట్లతో వస్తాయి. వాటిల్లో షిప్పు వెనక చివర సముద్రం వైపు తిరిగి ఉండేదాన్ని ఆఫ్ట్ బాల్కనీ అంటారు. మామూలు పక్క బాల్కనీ కన్నా దీని రేటు చాలాసార్లు ఎక్కువే ఉంటుంది, ఫోటో కూడా అన్నిటికన్నా దీనిదే బాగుంటుంది, రెండు కుర్చీలు, గాజు రెయిలింగ్, అవతల నీళ్ళ మీద కనుచూపు మేర తెల్లటి నురగ దారి. ఆ ఫోటో చూసి తీస్కున్నవాళ్ళలో కొంతమంది ఇంక ఎప్పుడెళ్ళినా ఇదే గది అంటారు, కొంతమంది మొదటి రాత్రే రిసెప్షన్‌కి ఫోన్ చేసి వేరే గది ఉందా అని అడుగుతారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ గదికి పైనా కిందా ఏముంది, షిప్పు ఏ దిక్కుకి వెళ్తుంది, ఎలాంటి నీళ్ళలో వెళ్తుంది, గదిలో పడుకునేది ఎవరు, ఈ నాలుగూ చూస్తే తప్ప వెనక గది మంచిదో కాదో తేలదు, ఫోటోలో ఈ నాలుగూ కనపడవు.

ముందు రేటు ఎందుకెక్కువో చూద్దాం, దీనికి కారణం చాలా సింపుల్. పెద్ద షిప్పు పొడవు 300 మీటర్లు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది, వెడల్పు మాత్రం చాలా షిప్పులకి 32 మీటర్ల దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే పనామా కాలువలో పాత లాకుల్లోంచి పట్టాలంటే 32.3 మీటర్లు దాటకూడదు, కొత్త పెద్ద లాకులు 2016లో గానీ తెరవలేదు. ఒక గది వెడల్పు మూడు మీటర్లు వేస్కున్నా వెనక గోడకి ఒక అంతస్తులో మహా అయితే పది గదులు పడతాయి, మధ్యలో డైనింగ్ హాలో, మెట్లో ఉంటే అవీ ఉండవు. అదే పక్కవైపు అయితే ఒక్కో అంతస్తులో రెండు వైపులా కలిపి వందకి పైగా గదులు పడతాయి. అంటే వెనక గదులు షిప్పు మొత్తం మీద కొద్దిగానే ఉంటాయి, ఏటా క్రూజ్‌కి వెళ్ళే అలవాటున్నవాళ్ళు బుకింగ్ తెరిచిన వారంలోనే వాటిని పట్టేస్తారు, మిగిలినవి ఎందుకు మిగిలాయో ఆలోచించి తీస్కోవాలి.

ఇంక ఆ డబ్బుకి వచ్చేది ఏంటంటే, మొదటిది చూపు. పక్క బాల్కనీలో కూర్చుంటే ఒక వైపు సముద్రమే, అవతలి వైపు తీరమో, కొండో, ఊరో వస్తే లేచి పై డెక్కుకి పరిగెత్తాలి. వెనక బాల్కనీలో ఎడమా కుడీ రెండూ కనపడతాయి, మధ్యలో వచ్చిన దారంతా ఉంటుంది. రైలు ఆఖరి బోగీ వెనక తలుపు దగ్గర నిలబడి పట్టాలు వెనక్కి పోతుంటే చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, కదలిక తెలుస్తుంది గానీ ఏదీ మీద పడుతున్నట్టు ఉండదు. సముద్రం మధ్యలో పక్క బాల్కనీ నుంచి రోజంతా చూసినా నీలం రంగు నీళ్ళే, వెనక నుంచి అయితే ఆ నురగ దారి ఉంటుంది, ప్రొపెల్లర్లు తిప్పిన చోట నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉడుకుతున్నట్టు పైకొచ్చి, కాస్త దూరం పోయాక తెల్లగా మారి, ఇంకా దూరంలో నున్నటి చారలా మిగులుతాయి. షిప్పు మలుపు తిరిగితే ఆ దారి కూడా నాగలి చాలు తిరిగినట్టు వంపు తిరుగుతుంది. ఆ చారకి రెండు వైపులా విచ్చుకునే అలలు లోతు నీళ్ళలో దాదాపు 39 డిగ్రీల కోణంలో ఉంటాయి, పడవ నెమ్మదిగా వెళ్ళినా వేగంగా వెళ్ళినా మామూలుగా అంతే, లార్డ్ కెల్విన్ అనే శాస్త్రవేత్త 1887లో దీన్ని లెక్క కట్టి చూపించాడు, చెరువులో బాతు వెనక కనపడేదీ అదే కోణం. పొద్దున్నే టీ కప్పు పట్టుకుని దీన్ని చూస్తూ గంట కూర్చోడం అనేది క్రూజ్‌లో దొరికే మంచి విషయాల్లో ఒకటి, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

రెండోది గాలి, దీని గురించి బ్రోషర్లలో పెద్దగా రాయరు గానీ రోజూ వాడుకునేది ఇదే. షిప్పు 20 నాట్ల వేగంతో వెళ్తుంటే అది గంటకి 37 కిలోమీటర్లు, ఎదురుగాలి ఇంకో 20 నాట్లు ఉంటే పక్క బాల్కనీలో కూర్చున్న మనిషికి తగిలేది 70 దాటుతుంది, స్కూటర్ మీద హైవేలో వెళ్తూ పేపర్ చదవాలని చూసినట్టే. పేపర్ నాప్కిన్ ఎగిరిపోతుంది, జుట్టు మొహాన పడుతుంది, అరగంటకి లోపలికి వచ్చేస్తారు. వెనక బాల్కనీకి ముందు షిప్పు మొత్తం గోడలా అడ్డం ఉంటుంది కాబట్టి సముద్రంలో వెళ్తున్నప్పుడు కూడా ప్రశాంతంగా కూర్చోవచ్చు, అక్కడే భోజనం చెయ్యొచ్చు. గాలి అసలు రాదని కాదు, షిప్పు అంచులు దాటాక గాలి సుడి తిరిగి వెనక్కి వస్తుంది, ముఖ్యంగా రెండు మూలల్లో ఉండే గదుల్లో ఇది తెలుస్తుంది. వెనక నుంచే గాలి వీస్తే మాత్రం అడ్డమేమీ ఉండదు, కాకపోతే అప్పుడు షిప్పు వేగం గాలి వేగంలోంచి పోతుంది కాబట్టి తగిలేది తక్కువే.

ఇప్పుడు అసలు సమస్య, ఊపు. పల్లెవెలుగు బస్సులో ఆఖరి సీటులో కూర్చున్నవాళ్ళకి గుంట వచ్చినప్పుడల్లా ఏమవుతుందో చెప్పక్కర్లేదు, మధ్య సీట్లో ఉన్నవాడు కదిలినట్టే ఉంటే వెనక ఉన్నవాడు సీటు మీంచి లేచి పడతాడు. షిప్పులో కారణం వేరు గానీ అనుభవం దగ్గరదగ్గరగా అదే. ముందు నుంచి అలలు వచ్చినప్పుడు షిప్పు ముక్కు లేచి తోక దిగుతుంది, తర్వాత ముక్కు దిగి తోక లేస్తుంది, అచ్చం బావి దగ్గర ఏతం లాగా. ఏతం మానుకి ఇరుసు దగ్గర చెయ్యి పెడితే కదలిక దాదాపు తెలీదు, చివర పట్టుకుంటే మనిషిని లేపేస్తుంది.

లెక్క వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 300 మీటర్ల షిప్పు ఒక్క డిగ్రీ వంగిందనుకుందాం, కంటికి తెలీనంత వంపు అది, కానీ మధ్య నుంచి 150 మీటర్ల దూరంలో ఉన్న చివర రెండున్నర మీటర్లు పైకి లేస్తుంది, అటు వంగినప్పుడు మళ్ళీ అంత కిందకి దిగుతుంది, అంటే మొత్తం ఒక అంతస్తు మించిన ఎత్తు, కొన్ని సెకన్లలో. మధ్యకి 30 మీటర్ల దూరంలో ఉన్న గది అదే సమయంలో అర మీటరు కదులుతుంది అంతే. ఊపు మధ్యబిందువు చాలా షిప్పుల్లో సరిగ్గా నడుమ కాకుండా కాస్త వెనక్కి ఉంటుంది కాబట్టి ముక్కు దగ్గర గదుల కన్నా తోక దగ్గర గదులు కొంచెం నయం, కానీ నడుమ గదులతో పోల్చుకోడానికి లేదు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కొత్త షిప్పుల్లో స్టెబిలైజర్లు ఉంటాయి కదా, ఊపు ఉండదు అని ఏజెంట్లు చెప్తుంటారు. స్టెబిలైజర్లు అంటే షిప్పు పక్కల నీళ్ళలోకి చాచే రెక్కలు, అవి ఆపేది పక్కకి ఊగడాన్ని. ముందూ వెనకా లేచి పడటాన్ని అవి ఆపలేవు, వెనక గదికి బాధ వచ్చేది సరిగ్గా దాని నుంచే. కారులో ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులయ్యేవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ ఒక్క విషయం మీదే నిర్ణయం తీస్కోవచ్చు.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. ముందూ వెనకా ఊపు వల్ల వెనక గది లేచి పడటం అనేది ఆరో అంతస్తులో ఉన్నా పన్నెండో అంతస్తులో ఉన్నా దాదాపు ఒకటే, కానీ షిప్పు పక్కలకి ఊగినప్పుడు మాత్రం పై అంతస్తు ఎక్కువ దూరం ఊగుతుంది. అందుకని కదలిక గురించి ఆలోచిస్తే వెనక గదుల్లో పైవాటి కన్నా కిందవి నయం, కానీ మరీ కిందకి పోతే అక్కడ ఇంకో తలనొప్పి ఉంటుంది, అదే వణుకు.

ప్రొపెల్లర్లు వెనకే ఉంటాయి. అవి గట్టిగా తిరిగినప్పుడు రెక్కల మీద నీటి ఒత్తిడి పడిపోయి చిన్న చిన్న ఆవిరి బుడగలు పుట్టి వెంటనే పగిలిపోతుంటాయి, ఆ పగలడం షిప్పు అడుగు రేకుకి తగిలి వణుకుగా పైకొస్తుంది. గదిలో ఇది ఎలా తెలుస్తుందంటే, టేబుల్ మీద గ్లాసు నీళ్ళలో సన్నటి వలయాలు వస్తాయి, అల్మరాలో ఖాళీ హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలి టిక్‌టిక్ మంటాయి, బాత్రూమ్ సీలింగ్ పలకలు కిర్రుమంటాయి. హ్యాంగర్ల మధ్య చేతి టవల్ దూర్చితే ఆ శబ్దం ఆగుతుంది, సీలింగ్ అయితే హౌస్‌కీపింగ్ వాళ్ళకి చెప్పాలి, వాళ్ళ దగ్గర దానికి సర్దే పద్ధతులు ఉంటాయి. మామూలు వేగంలో చాలామందికి ఇది నిద్ర పట్టించే చప్పుడే, రైల్లో పడుకున్నట్టు. ఇబ్బంది పెట్టేది పొద్దున్నే పోర్టులోకి వచ్చేటప్పుడు.

ఇక్కడ షిప్పు ఎలాంటిదో చూస్కోవాలి. పాత పద్ధతి షిప్పుల్లో ఇంజన్ నుంచి పొడుగాటి షాఫ్ట్ బయటికొచ్చి ప్రొపెల్లర్ తిప్పుతుంది, వెనక చుక్కాని ఉంటుంది, రేవులో షిప్పుని పక్కకి జరపడానికి వెనక అడుగున సొరంగం లాంటి గొట్టంలో ఇంకో ప్రొపెల్లర్, దాన్ని స్టెర్న్ థ్రస్టర్ అంటారు. పొద్దున ఆరుకి అది మొదలైతే దాని పై అంతస్తుల్లో అలారం అక్కర్లేదు. కొత్త షిప్పుల్లో చాలావాటికి అజిపాడ్ రకం ఉంటుంది, అంటే నీళ్ళలో వేలాడే పాడ్‌లోనే ఎలక్ట్రిక్ మోటార్, అది 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి చుక్కాని అక్కర్లేదు, వెనక థ్రస్టర్ అక్కర్లేదు. క్రూజ్ షిప్పుల్లో దీన్ని మొదట పెట్టింది 1998లో వచ్చిన కార్నివాల్ ఎలేషన్‌లో. పాడ్ ఉన్న షిప్పులో వెనక గది వణుకు బాగా తక్కువ, పూర్తిగా పోదు. షిప్పు పేరు కొట్టి ప్రొపల్షన్, అంటే దాన్ని నడిపే పద్ధతి, ఏంటో చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, వేల రూపాయల తేడా కట్టేముందు ఆ రెండు నిమిషాలు పెట్టాలి.

ఇప్పుడు డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఎక్కడ ఏముందో చూపించే షిప్పు పటం. వెనక గదుల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఊపు తర్వాత ఎక్కువ వినపడేది పై అంతస్తు చప్పుడు, దీన్ని మాత్రం బుక్ చేసే ముందే పూర్తిగా తప్పించుకోవచ్చు. చాలా షిప్పుల్లో బఫే వెనక వైపే, పై అంతస్తుల్లో ఉంటుంది, దాని వెనక ఆరుబయట టేబుళ్ళు, కొన్నిట్లో వెనక ఈత కొలను, బారు. వాటికి సరిగ్గా కింద ఉన్న గదికి తెల్లవారుజామున ఐదుకి డెక్కు కడిగి కుర్చీలు లాగే శబ్దం నుంచి, రాత్రి బారు మూసేదాకా ఏదో ఒకటి వినపడుతూనే ఉంటుంది. ఇనప కుర్చీ కాలు చెక్క డెక్కు మీద రాసుకుంటే కింద గదిలో అది తల మీద గీసినట్టు వస్తుంది. కింద వైపు మెయిన్ డైనింగ్ హాల్ ఉంటే అంత బాధ లేదు, చప్పుడు పైకి తక్కువ వస్తుంది, రాత్రి పదిన్నరకి అంతా సర్దేస్తారు. క్లబ్బు, స్టేజీ ఉన్న లాంజ్ ఉంటే మాత్రం బేస్ దెబ్బలు గోడల్లోంచి వస్తాయి. అందుకని పైన గదులు, కింద గదులు, మధ్యలో మన గది ఉండేలా చూస్కోవాలి. పక్క గదితో కలిసే తలుపు గుర్తు ఉందా అనేది కూడా చూడాలి, తెలీనివాళ్ళతో ఆ తలుపు పంచుకుంటే వాళ్ళ టీవీ మొత్తం మనకే.

డెక్ ప్లాన్‌లో ఇంకోటి కూడా కనపడుతుంది, షిప్పు వెనక ఆకారం. కొన్ని షిప్పుల వెనక భాగం గోడలా నిటారుగా ఉంటుంది, అక్కడ బాల్కనీలన్నీ ఒకే లోతు, పై బాల్కనీ అడుగే కింద బాల్కనీకి కప్పు, నీడ ఉంటుంది, ఎవరూ చూడరు. కొన్నిటికి వెనక భాగం మెట్లు మెట్లుగా దిగుతుంది, కిందకి వెళ్ళేకొద్దీ బాల్కనీ పెద్దదవుతుంది, ఇద్దరు పడుకునే కుర్చీలూ, భోజనం బల్లా పట్టేంత చోటు వస్తుంది, రేటులో మాత్రం పెద్ద తేడా ఉండదు. వినడానికి చాలా బాగుంటుంది గానీ ఆ ఎక్కువ వచ్చిన భాగానికి కప్పు ఉండదు, ఎండా వానా రెండూ నేరుగా, పైగా పై గదివాళ్ళు రెయిలింగ్ దగ్గర నిలబడితే పిట్టగోడ మీంచి పక్కింటి పెరడు చూసినట్టు అంతా కనపడుతుంది. చీర కొంగు భుజాన వేస్కుని కాళ్ళు చాపుకుని తీరిగ్గా కూర్చోవాలనుకునే అత్తగారికో, అమ్మకో ఇది నచ్చదు, పెద్ద బాల్కనీ ఉన్నా లోపలే కూర్చుంటారు. ఏది కావాలో ఇంట్లో ముందే మాట్లాడుకోడం మంచిది, గది పెద్దదా, మరుగుందా అనేది.

పొగ, మసి గురించి ఒకప్పుడు చాలా ఫిర్యాదులు ఉండేవి. చిమ్నీ వెనక సగంలో ఉన్న షిప్పుల్లో గాలి సుడి వల్ల నల్లటి నలుసులు వెనక బాల్కనీల మీద పడేవి, తెల్ల చొక్కా మీద చెయ్యి పెడితే గీత పడేది. ఇప్పుడు బాగా తగ్గింది, దానికి కారణం ఇంధనం నియమాలు, అమెరికా, కెనడా తీరాలకి 200 నాటికల్ మైళ్ళ లోపల 2015 నుంచి గంధకం 0.1 శాతం దాటకూడదు, ప్రపంచమంతా 2020 జనవరి నుంచి 0.5 శాతం, లేదంటే పొగని కడిగే స్క్రబ్బర్ పెట్టుకోవాలి. ఎల్ఎన్‌జీతో, అంటే ద్రవంగా మార్చిన సహజ వాయువుతో నడిచే షిప్పుల్లో మసి దాదాపు లేనట్టే. పాత షిప్పు అయితే మాత్రం పొద్దున కుర్చీలో కూర్చునేముందు తడి గుడ్డతో ఒకసారి తుడుచుకోడం అలవాటు చేస్కోవాలి. సిగరెట్ పొగ భయం ఉంటే, పెద్ద అమెరికన్ కంపెనీలు చాలావరకు 2014 ప్రాంతంలోనే బాల్కనీల్లో సిగరెట్ ఆపేశాయి, బుక్ చేసే కంపెనీ రూలు ఒకసారి చూస్కుంటే చాలు.

ఎండ విషయం ఎవరూ లెక్క వెయ్యరు, కానీ కాగితం మీద బాణం గీస్తే తేలిపోతుంది. షిప్పు ఎటు వెళ్తుందో దానికి సరిగ్గా ఎదురు దిక్కు చూస్తుంది వెనక బాల్కనీ. మయామీ నుంచి సాయంత్రం బయల్దేరే షిప్పు తూర్పుకి వెళ్తూ సముద్రంలోకి వస్తుంది, అంటే వెనక బాల్కనీ పడమర చూస్తుంది, ఊరి పెద్ద బిల్డింగులన్నీ వాలుతున్న ఎండ ముందు నిలబడి వెనక్కి పోతాయి, వెనక గదికి దొరికే గొప్ప దృశ్యాల్లో ఇదొకటి, ఆ రోజు సాయంత్రం బాల్కనీ వేడిగా ఉంటుందన్నది కూడా అంతే నిజం. హ్యూస్టన్, డల్లాస్ వైపు ఉండే మనవాళ్ళు ఎక్కువగా ఎక్కే టెక్సాస్ రేవు గాల్వెస్టన్ షిప్పులు మెక్సికో దీవి కొజుమెల్ వెళ్ళేటప్పుడు ఆగ్నేయానికి వెళ్తాయి, వెనక బాల్కనీ వాయువ్యం చూస్తుంది, పొద్దున నీడ, సాయంత్రం సూర్యాస్తమయం, తిరిగొచ్చేటప్పుడు ఉల్టా, పొద్దున్నే సూర్యోదయం మొహం మీద. పక్క బాల్కనీ వాళ్ళకి ఎడమ వైపా కుడి వైపా అని పెద్ద చర్చ ఉంటుంది, వెనక బాల్కనీకి ఆ చర్చ లేదు గానీ ఈ చర్చ ఉంది.

అలాస్కా రూట్‌కి ఇవన్నీ కలిపి చూస్తే ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు బాల్కనీకి డబ్బు పెట్టాలా వద్దా అని ఎక్కువ ఆలోచించేది ఈ ట్రిప్పుకే. సియాటిల్ నుంచి బయల్దేరి సియాటిల్‌కే తిరిగొచ్చే షిప్పులు ఉన్నాయి, వాంకూవర్ నుంచి బయల్దేరేవి ఉన్నాయి, రెండూ అలాస్కానే గానీ వెనక గదికి రెండూ ఒకటి కాదు. సియాటిల్ షిప్పులు సాధారణంగా హువాన్ డి ఫూకా జలసంధి దాటి వాంకూవర్ దీవికి పడమర వైపు, అంటే నేరుగా పసిఫిక్ మహాసముద్రంలోంచి పైకి వెళ్తాయి, అక్కడ అలలకి అడ్డం ఏమీ లేదు. మొదటి రాత్రీ, మర్నాడూ ఊపు అక్కడే ఉంటుంది, వెనక గదిలో అది పూర్తిగా తెలుస్తుంది. వాంకూవర్ నుంచి వెళ్ళేవి ఆ దీవికీ ఖండానికీ మధ్యలో ఇరుకు జలమార్గంలోంచి వెళ్తాయి, రెండు వైపులా కొండలు, చెట్లు, నీళ్ళు చెరువులా ఉంటాయి. రెండు వైపులా చూడాల్సింది ఉండి, ఊపు లేకుండా ఉండటం, వెనక బాల్కనీకి ఇంతకన్నా మంచి దారి ఉండదు. వాంకూవర్‌లో ఎక్కాలంటే అమ్మానాన్నల ఇండియన్ పాస్‌పోర్ట్‌కి కెనడా వీసా కావాలి, సియాటిల్ షిప్పులు కూడా చట్టం ప్రకారం మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి కాబట్టి ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి, ఆ సంగతి కూడా ముందే చూస్కోవాలి.

అలాస్కాలో హిమానీనదాలు సముద్రంలోకి దిగే గ్లేసియర్ బే విషయంలో మాత్రం ఆశలు సరిగ్గా పెట్టుకోవాలి. రోజుకి రెండు క్రూజ్ షిప్పుల్నే లోపలికి రానిస్తారు, షిప్పు నెమ్మదిగా మార్జరీ హిమానీనదం దాకా వెళ్ళి అక్కడ ఆగుతుంది. వెళ్తున్నంతసేపూ వెనక బాల్కనీ వాళ్ళకి ఆ మంచు గోడ కనపడదు, షిప్పు దాని వైపే ముక్కు పెట్టి వెళ్తోంది కదా, ఆ టైములో పై డెక్కు ముందు భాగానికి వెళ్ళాల్సిందే. తర్వాత షిప్పు ఉన్నచోటే మెల్లగా తిరుగుతుంది, ఒక్కో వైపు గదులకీ కాసేపు చూపించి చివరకి తోక మంచు వైపు తిరుగుతుంది. బయటికి వచ్చేటప్పుడు అందరూ లోపలికి భోజనానికి వెళ్ళిపోయాక ఆ నీలం రంగు గోడ అరగంటకి పైగా వెనక బాల్కనీకి సూటిగా ఎదురుగా ఉండి చిన్నదవుతూ పోతుంది. చలికి షాల్ కప్పుకుని ఆ అరగంట కూర్చున్న పెద్దవాళ్ళు ట్రిప్పు మొత్తంలో దాన్నే గుర్తు పెట్టుకుంటారు. తిమింగలాలకి మాత్రం వెనక గది మంచిది కాదు, కెప్టెన్ మైకులో ముందు కుడి వైపు కనపడుతోంది అని చెప్పేసరికి అది నీళ్ళలోకి పోయి ఉంటుంది, ముందు నుంచి వచ్చేవాటిని ఆఖరున చూసేది వెనకవాళ్ళే. తిరుగు ప్రయాణంలో షిప్పు ఆగ్నేయానికి వస్తుంది, బాల్కనీ వాయువ్యం చూస్తుంది, జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించేదీ ఆ మూలనే, అలాస్కా రాజధాని జూనో దగ్గర రాత్రి పది ప్రాంతంలో. ఆ రాత్రులకి వెనక గది డబ్బు మొత్తం వసూలైనట్టే.

వెనక అన్న మాటే అన్ని షిప్పుల్లో సముద్రం అని కాదు, ఇది కూడా తెలుస్కోవాలి. రాయల్ కరీబియన్ ఒయాసిస్ రకం షిప్పుల్లో వెనక భాగం మధ్యలో చీలి ఆరుబయట నీళ్ళ షోల స్టేజీ ఉంటుంది, అక్కడ చాలా బాల్కనీలు షిప్పు లోపలికి, స్టేజీ వైపు తిరిగి ఉంటాయి, రాత్రి షో లైట్లు, పాటలు అన్నీ గదిలోకే. పిల్లలకి పండగ, నిశ్శబ్దం కోసం వెళ్ళేవాళ్ళకి శిక్ష. గది వివరంలో వెనక అని ఉంటే చాలదు, సముద్రం వైపు అని కూడా ఉండాలి.

నడక గురించి చాలామంది తేలిగ్గా తీస్కుంటారు. థియేటర్ ఎక్కువగా ముందు చివర, గది వెనక చివర, ఒక్కసారి వెళ్ళి రావడమే అర కిలోమీటరు, మధ్యాహ్నం కళ్ళజోడు మర్చిపోతే ఇంకో అర. అరవై ఐదు దాటి మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులకి ఇది రోజుకి రెండు మూడు కిలోమీటర్లు కొత్తగా కలిపినట్టు. వెనక లిఫ్టులకి దగ్గరగా గది చూస్తే బఫేకి, డైనింగ్ హాల్‌కి దగ్గరవుతుంది, అది పెద్ద సుఖమే, రోజుకి మూడుసార్లు వెళ్ళేది అక్కడికే కాబట్టి. పెద్దవాళ్ళకి నడుమ భాగంలో పక్క బాల్కనీ తీసి, పెద్దల గదికి దూరంగా పిల్లలూ అల్లుడూ కూతురూ వెనక గది తీస్కుని, సాయంత్రాలు అందరూ వెనక బాల్కనీలో చేరడం అనేది రెండు గదులు తీస్కునే కుటుంబాలకి అన్నిటికన్నా బాగా కుదిరే పద్ధతి. మొదటిసారి క్రూజ్ ఎక్కుతున్న పెద్దవాళ్ళకి, వాళ్ళు అడక్కుండా, సర్‌ప్రైజ్ అని వెనక గది పెట్టడం మాత్రం మంచి ఆలోచన కాదు.

బుకింగ్‌లో గ్యారంటీ రేటు అని ఒకటి ఉంటుంది, గది రకం మాత్రమే మనది, నంబర్ కంపెనీ ఇష్టం. వెనక గది కావాలనుకున్నవాళ్ళు అది తీస్కోకూడదు, పైన చెప్పిన లెక్కంతా నంబర్ మీదే నడుస్తుంది. నంబర్ ఎంచుకుని, అడ్వాన్స్ కట్టి, ఫైనల్ పేమెంట్ గడువు దాకా అప్పుడప్పుడు చూస్తుండాలి, ఆ గడువు దగ్గరపడ్డప్పుడు కొంతమంది మానుకుంటారు, మంచి అంతస్తులో వెనక గది ఖాళీ అయ్యేది అప్పుడే. అప్‌గ్రేడ్ ఆఫర్ అని మెయిల్ వస్తే ఒప్పుకునేముందు కొత్త గది ఎక్కడో అడగాలి, పెద్ద గది అని చెప్పి బఫే కిందకి మార్చే అవకాశం ఉంటుంది, నో అప్‌గ్రేడ్ అని బుకింగ్‌లో ముందే పెట్టించుకోవచ్చు.

ఇంతా చేసి ఊపు తమకి పడుతుందో లేదో తెలీనివాళ్ళు చాలామంది ఉంటారు, దాన్ని తక్కువ ఖర్చుతో తేల్చుకునే మార్గం ఉంది. మన దగ్గర కార్డీలియా ఎంప్రెస్ షిప్పు 2022లో వైజాగ్ నుంచి కూడా నడిచింది, 2023 సెప్టెంబర్‌లో అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. అది 1990లో కట్టిన షిప్పు, కాబట్టి బాల్కనీలు కొద్దిగానే ఉంటాయి, ఎక్కువ గదులు కిటికీవీ లోపలివీ. దానిలోనో, ఇంకే చిన్న ట్రిప్పులోనో మామూలు గది తీస్కుని, తీరం దాటి షిప్పు వేగం అందుకున్నాక వెనక ఆరుబయట డెక్కు మీదకి వెళ్ళి రెయిలింగ్ దగ్గర కుర్చీ వేస్కుని గంటసేపు కూర్చోవాలి. పాదాల కింద వణుకు, లేచి పడే ఊపు, సుడి తిరిగే గాలి, నురగ దారి, అన్నీ అక్కడ ఫ్రీగా దొరుకుతాయి. గంట తర్వాత కడుపులో ఎలా ఉందో చూస్కుని, బాగుంటే మర్నాడు తిన్న వెంటనే ఇంకోసారి కూర్చుని చూడాలి.